దశరథుని బాణం – తెలియక జరిగిన వధ

(దేవస్థాన ప్రవచన మండపంలో చేసిన ప్రసంగ పాఠం)



శ్రీమద్రామాయణ ప్రవచనాలలో అయోధ్యాకాండకు వచ్చినప్పుడు 63, 64 సర్గలను కన్నీటితో చెప్పి, కన్నీటితో విని, ముందుకు సాగిపోవడం మనకు అలవాటైనది. రాముడు అడవికి వెళ్లిన ఆరవ నాటి అర్ధరాత్రి దశరథ మహారాజు తన యౌవనంలో జరిగిన ఒక సంగతిని కౌసల్యాదేవికి చెప్పుకొన్న ఘట్టమిది. శ్రవణకుమారుని కథ అని మనం పిలుచుకొనేది ఇదే. నిజానికి వాల్మీకి మహర్షి ఆ మునికుమారునికి పేరు పెట్టలేదు. మనం పటాలలో చూచే కావడి కూడా ఆ సర్గలలో కనబడదు. అవి తరువాతి సంప్రదాయం చేర్చుకొన్నవి. వాటి మీద నాకు అభ్యంతరం లేదు. అయితే కావడి మీదికి చూపు పోయిన కొద్దీ బాణం మీది నుండి చూపు తొలగిపోతున్నది. నేటి ప్రసంగం ఆ బాణం గురించి.

కారణం చెబుతాను. గత పౌర్ణమి ప్రసంగం ముగిసిన తరువాత ఒక చీటీ నా చేతికి వచ్చినది. పేరు లేదు. అడవిపందుల కోసం చేను చుట్టూ పెట్టిన కరెంటు తీగ తగిలి మనిషి పోతే, పెట్టినవానికి అది హత్యాదోషమా, ప్రమాదమా, ప్రాయశ్చిత్తమేమి అని రెండు వరుసలు. వ్రాసినవారు ఆ రైతో, రైతు బంధువో, పోయినవారి బంధువో తెలియదు. ఎవరైనా సరే, ఊరకే వేసిన ప్రశ్న కాదది. మన రెండు రాష్ట్రాలలోనూ అడవి అంచు గ్రామాలలో మొక్కజొన్న, వేరుశనగ చేలకు పందుల బెడద ఎరుగనివారు లేరు. ఆ బెడదకు పెట్టిన తీగలకు మనుష్యులు బలి అయిన వార్తలూ వింటూనే ఉన్నాము. నాటు తుపాకి పట్టుకొని వేటకు వెళ్లి, పొద వెనుక కదిలిన తోటివానినే మృగమనుకొని కాల్చిన వార్తలూ చదువుతూనే ఉన్నాము. దీనిని శాస్త్రం ఎలా చూచినది, నేటి చట్టం ఎలా చూస్తున్నది, రెండూ చెప్పవలసి ఉన్నది. చట్టం నా చదువు కాదు. న్యాయవాదవృత్తిలో ఉన్న ఒక భక్తుడు నా వద్ద కూర్చుండి సెక్షన్లూ తీర్పులూ చదివి అర్థం చెప్పినారు. శాస్త్రభాగం మాత్రం నాది.

ముందు సరయూతీరానికి వెళదాం. వర్షాకాలం. దశరథుడు అప్పటికి యువరాజు, వివాహం కాలేదు. కంటితో చూడకుండా చెవితో విని గురి కొట్టగల విలుకాడని లోకంలో పేరు వచ్చినది. దానినే శబ్దవేధ అంటారు. రాత్రివేళ నీరు త్రాగడానికి రేవుకు వచ్చే అడవిదున్ననో, ఏనుగునో, మరొక మృగాన్నో కొట్టవలెనని రథమెక్కి నదీతీరం చేరినాడు. చీకటిలో కుండ నిండుతున్న చప్పుడు వినబడినది. ఏనుగు చేసే ధ్వని అనిపించినది. బాణం వదలినాడు. ఆ వెంటనే మనిషి గొంతు వినబడినది.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. బాణం గురి తప్పలేదు. చప్పుడు ఎక్కడ పుట్టినదో సరిగా అక్కడనే తగిలినది. విద్యలో లోపం లేదు, చేతిలో లోపం లేదు. లోపమంతా చప్పుడు వినడానికీ బాణం వదలడానికీ నడుమ ఉన్న ఆ రెప్పపాటులో ఉన్నది. ఆ రెప్పపాటులో "అక్కడ ఉన్నది ఎవరు?" అన్న ప్రశ్న పుట్టలేదు. పుట్టకపోవడానికి కారణం ఆయనకు వచ్చిన పేరే. చూడకుండా కొట్టడమే గొప్ప అయినప్పుడు, చూచి కొట్టడం చిన్నతనంగా తోస్తుంది. కౌసల్యతో చెప్పేటప్పుడు దశరథుడు తన శబ్దవేధి కీర్తిని మొదటనే ప్రస్తావించినాడు. తన దుఃఖానికి మూలమేదో ఆయనకు బాగా తెలుసు.

రేవు సంగతి కూడా చూడండి. నీరున్న చోటికి మృగాలు వస్తాయి, నిజమే. మనుష్యులూ వస్తారు. మునుల ఆశ్రమాలు నదీతీరాలలోనే ఉంటాయని రాజకుమారునికి తెలియనిది కాదు. తెల్లవారకముందే నీటికి వచ్చేవారు తాపసులే. మనుష్యుడు ఉండడానికి వీలులేని చోట పొరబడడం ఒకటి, మనుష్యుడు వచ్చి తీరే చోట పొరబడడం మరొకటి. ఈ భేదాన్ని గుర్తుంచుకోండి. కొంతసేపటికి న్యాయస్థానంలో ఇదే భేదం మనకు మళ్లీ ఎదురవుతుంది.

వేట క్షత్రియునికి విహితం కాదా అని అడగవచ్చు. విహితమే, హద్దులతో. మనువు ఏడవ అధ్యాయంలో రాజును పాడుచేసే వ్యసనాలను లెక్కించినప్పుడు, కామం వలన పుట్టే పదింటిలో వేటను మొట్టమొదట పెట్టినాడు. అందులో అతి కష్టమైన నాలుగింటిని వేరుచేసినప్పుడు కూడా పానం, జూదం, స్త్రీలోలత్వంతో పాటు వేటను వదలలేదు. శాకుంతల నాటకంలో సేనాపతి వేటను పొగడుతాడు గదా అని ఒక విద్యార్థి నన్ను అడిగినాడు. సేనాపతి జీతం తీసుకొనేవాడు నాయనా, ప్రభువుకు ఏది ఇష్టమో అది పొగడుతాడు అన్నాను.

ఇప్పుడు ప్రధానమైన ప్రశ్న. తెలియక చేసినదానికి దోషమున్నదా?

బాణం తగిలిన ఆ బాలుడు, తాను ద్విజుడను కానని, బ్రహ్మహత్య అంటునని భయపడవద్దని, తన తండ్రి వైశ్యుడని, తల్లి శూద్రస్త్రీ అని చెప్పి, కొట్టినవాని భయాన్ని తానే తొలగించినాడు. మరణవేదనలో ఆ మాట చెప్పగలవాడు ఎంతటి వాడో ఊహించుకోండి. అయితే బ్రహ్మహత్య కాదు గనుక దోషం లేదని దశరథుడు ఊపిరి పీల్చుకోలేదు, కథ అక్కడ ఆగలేదు. వృద్ధ తాపసి ఇచ్చిన నిర్ణయాన్ని శ్రద్ధగా చూడాలి. అందులో మూడు అంతరువులున్నాయి. తెలిసి చేసి ఉంటే, ఇంద్రుడంతటి వాడైనా స్థానభ్రష్టుడయ్యేవాడు, రఘువంశమే మిగిలేది కాదు. తెలియక చేసినాడు గనుక బ్రతికి ఉన్నాడు. ఆ తెలియక చేసినదానిని కూడా తానే వచ్చి చెప్పకుండా దాచి ఉంటే, తల వ్రయ్యలై ఉండేది. ఇంత విడమరచి చెప్పిన తరువాతనే పుత్రశోకంతో మరణిస్తావని శాపం పలికినాడు.

అంటే ఏమి? తెలియకపోవడం దోషాన్ని తగ్గించినది, తుడిచివేయలేదు. చంపవలెనన్న సంకల్పం లేదు గనుక వంశం నిలిచినది. విచారించకుండా వదలినాడు గనుక ఫలం అనుభవించవలసి వచ్చినది. విషమని తెలియక మ్రింగినా విషం పని మానదు.

మహాభారతంలోనూ ఈ విభాగమే. పాండురాజు లేడిని కొట్టినాడు, అది మృగరూపంలో ఉన్న కిందమ మహర్షి. ఋషి అని తెలియదు గనుక బ్రహ్మహత్య నిన్నంటదని ఆయనే చెప్పినాడు. శాపం మాత్రం ఇచ్చినాడు. ఆ శాపానికి కారణం వేరు, అది వేరొక ప్రసంగం. కర్ణుడు విలువిద్య అభ్యసిస్తూ పొరబాటున ఒక బ్రాహ్మణుని హోమధేనువును చంపి ఎంత వేడుకొన్నా శాపం తప్పించుకోలేకపోయినాడు.

పురాణం ఇంత చెబితే, వ్యవహారశాస్త్రం ఇంకా నిక్కచ్చిగా చెప్పినది. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయంలో ఒక చక్కని నిర్ణయం ఉన్నది. కట్టెను గాని, మట్టిబెడ్డను గాని, బాణాన్ని గాని, రాతిని గాని విసరేటప్పుడు "తొలగు, తొలగు" అని కేక వేసినవానికి, దాని వలన ఎవరికైనా హాని కలిగితే దోషం లేదు. బాణమని స్పష్టంగా చెప్పినాడు. అంటే విసరడానికి ముందు లోకానికి ఒక హెచ్చరిక ఇవ్వవలసిన బాధ్యత విసరేవానిది. ఆ కేక వేసినాడా లేదా అన్నదే విచారణలో మొదటి ప్రశ్న. దీనికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర అనే వ్యాఖ్య వ్రాసినాడు. దానినే తిక్కన సోమయాజి కాలంలో కేతన తెలుగుచేసి విజ్ఞానేశ్వరీయమని మనకు ఇచ్చినాడు. ఏడు వందల సంవత్సరాలకు పైగా తెలుగులో ఉన్న ధర్మమిది. మనకు పరాయిది కాదు.

మనువు ఎనిమిదవ అధ్యాయంలో బండి ప్రమాదాల గురించి చెప్పిన భాగం నాకు మరీ ఇష్టం. ఎద్దు ముకుతాడు తెగితే, కాడి విరిగితే, ఇరుసో చక్రమో విరిగితే, పగ్గం తెగితే, "తొలగు" అని తోలేవాడు అరచి ఉంటే శిక్ష లేదు. కాని తోలేవాని నేర్పులేమి వలన బండి దారి తప్పి హాని కలిగితే, శిక్ష ఎవరికి? బండి యజమానికి. రెండు వందల పణాల దండం. నేర్పులేని వానిని కూర్చోబెట్టినది అతడు గదా! తోలేవాడు నేర్పరి అయి ఉండి అజాగ్రత్త చేస్తే శిక్ష తోలేవానికి. విరిగిన ఇరుసుకూ విరిగిన బుద్ధికీ మన పూర్వులు ఇంత స్పష్టంగా గీత గీసినారు. ఇది చదివి వినిపించినప్పుడు మన న్యాయవాది నవ్వి, ఈ గీతనే 1860 నాటి శిక్షాస్మృతి కూడా గీసినదండీ అన్నారు.

ఆ చట్టం ఇప్పుడు పోయి, 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చినది. అందులో 18వ సెక్షన్ ప్రమాదాన్ని గురించినది; పాత చట్టంలో 80వది. నేరబుద్ధి లేకుండా, చట్టసమ్మతమైన పనిని, చట్టసమ్మతమైన పద్ధతిలో, చట్టసమ్మతమైన సాధనంతో, తగిన జాగ్రత్తతో చేస్తుండగా ప్రమాదవశాత్తు ఏదైనా జరిగితే అది నేరం కాదు. దానికి ఇచ్చిన ఉదాహరణ ఒకడు గొడ్డలితో పనిచేస్తుండగా గొడ్డలి తల ఊడి ఎగిరి పక్కన నిలిచినవానికి తగిలి చనిపోవడం. జాగ్రత్తలో లోపం లేకుంటే అతడు నేరస్థుడు కాడు. మనువు చెప్పిన విరిగిన ఇరుసు ఇదే గదా. 17వ సెక్షన్, పాతది 79, పొరబాటును గురించినది. వాస్తవాన్ని సద్భావంతో పొరబడి, తాను చేస్తున్నది చట్టసమ్మతమే అనుకొని చేసినవానికి రక్షణ ఇస్తుంది. అయితే సద్భావం అంటే మంచి మనస్సు అని మనం అనుకొంటాము. చట్టం అలా అనుకోదు. తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండా నమ్మినదేదీ సద్భావంతో నమ్మినట్లు కాదని అదే చట్టం మొదట్లోనే నిర్వచనం వ్రాసిపెట్టినది. ఆ నిర్వచనం విన్నప్పుడు దశరథుడు నా కంటి ముందు మెదలినాడు. మనస్సు మంచిదే, జాగ్రత్త లేదు.

వేటలో పొరబాటు గురించి రెండు తీర్పులు చెప్పినారు. 1952లో నాగపూర్ హైకోర్టు ముందుకు వచ్చిన వ్యవహారంలో ఒకడు వర్షంలో, క్రూరమృగాలు తిరిగే చోట, దుమ్ములగొండి అనుకొని తుపాకి కాల్చినాడు. అది మనిషి. ఆ చోట ఆ వేళ మనిషి ఉంటాడని ఎవరూ అనుకోరని తేలినందున, వధ విషయంలో అతనికి ప్రమాద రక్షణ లభించినది. 1978లో ఒరిస్సా హైకోర్టు ముందు ఇంకొకడు. మొక్కజొన్న చేను కాపలా కాస్తూ, కదులుతున్నది ఎలుగుబంటి అనుకొని బాణం వేసినాడు. చేనిలో ఉన్న మనిషి చనిపోయినాడు. అతనికీ రక్షణ దొరికినది. ఈ రెండు తీర్పులు విని "అయితే భయమేమున్నది" అనుకొనేవారు కొందరుంటారు. నేనైతే దశరథునికి ఈ రక్షణ దొరకదనే అనుకొంటున్నాను. నీళ్ల రేవు మనిషి రాని చోటు కాదు. పైగా ఇటువంటి మినహాయింపు తనకు వర్తిస్తుందని చూపించుకోవలసిన భారం కోరినవాని మీదనే ఉంటుంది.

మరొక పెద్ద సంగతి ఉన్నది. ఆ తీర్పులలో మొదటిది 1972కు పూర్వపుది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినది. దాని 9వ సెక్షన్ షెడ్యూళ్లలో చేర్చిన వన్యమృగాల వేటను నిషేధించినది. పంటకో ప్రాణానికో ముప్పు తెచ్చే మృగం విషయంలో 11వ సెక్షన్ కింద అధికారి వ్రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. ఆ చట్టంలో వేట అంటే తుపాకి కాల్చడమొక్కటే కాదు. ఉచ్చు పన్నడం, విషం పెట్టడం, ఎర వేయడం, వాటికి ప్రయత్నించడమూ వేటే. కాబట్టి నేడు అనుమతి లేకుండా అడవిలో తుపాకి పట్టినవాడు మొదటి అడుగులోనే చట్టసమ్మతమైన పని అనే గీత దాటినాడు. ప్రమాదమన్న మాట ఎత్తడానికే అతనికి కాలు నిలవదు. అతడు సాధారణంగా ఎదుర్కొనేది 106వ సెక్షన్, నిర్లక్ష్యం వలన మరణం కలిగించడం. పాత చట్టంలో దీనికి రెండు సంవత్సరాల వరకు శిక్ష ఉండేది. ఇప్పుడు అయిదు సంవత్సరాల వరకు, జరిమానాతో. మరణం కలిగే అవకాశమున్నదని తెలిసే చేసినాడని తేలితే 105వ సెక్షన్; అది పది సంవత్సరాల దాకా పోతుంది. తుపాకికి లైసెన్సు లేకుంటే 1959 నాటి ఆయుధాల చట్టం వేరుగా ఉన్నది.

ఇక చీటీలోని తీగ. తుపాకి పట్టినవాడు కనీసం చప్పుడైనా వింటాడు. తీగకు చెవి కూడా లేదు. అది పందిని, మేకను, పాలేరును, పొరుగింటి పిల్లవానిని ఒక్కలాగే పట్టుకొంటుంది. రాత్రివేళ కొక్కెం తగిలించి, బైండింగు వైరు చేను చుట్టూ లాగి, ఇంటికి వెళ్లి నిద్రపోయినవాడు నిద్రలో కూడా బాణం వదలుతూనే ఉన్నాడు. "తొలగు" అని కేక వేసేవాడు అక్కడ ఎవడూ లేడు. అటువంటి తీగకు సొంత ఇంటివారే బలి అయిన సందర్భాలు లేకపోలేదు. న్యాయస్థానం దీనిని ఎలా చూచినది? 1963లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చినది. బీహారులో పొరుగువారి మరుగుదొడ్డి గోడ కూలిపోయి, వారు పక్కింటి మరుగుదొడ్డికి వస్తున్నారు. ఆ యజమాని వద్దని చెప్పినాడు, వినలేదు. దారిలో తీగ కట్టి విద్యుత్తు పెట్టినాడు. తీగలో విద్యుత్తు ఉన్నదని హెచ్చరిక లేదు. ఒక స్త్రీ తగిలి మరణించినది. నా స్థలంలోకి వచ్చినవారిని అడ్డుకొనే హక్కు నాకున్నదని అతడు వాదించినాడు. కోర్టు ఒప్పుకోలేదు. చెప్పకుండా లోపలికి వచ్చినంత మాత్రాన మనిషి ప్రాణం తీయడానికి ఆస్తిరక్షణ హక్కు సరిపోదన్నది. నిర్లక్ష్యం వలన మరణం కలిగించిన నేరాన్ని ఖాయం చేసినది. మనిషి కోసం కట్టిన తీగకే ఆ మాట అయితే, పంది కోసం కట్టి మనిషిని చంపిన తీగకు వేరే న్యాయం ఎక్కడి నుండి వస్తుంది? దొంగ కరెంటు నేరం మళ్లీ వేరు.

రైతు కష్టం నాకు తెలియనిది కాదు. ఒక్క రాత్రిలో పందుల గుంపు ఎకరం చేను దున్నిపోతే, అప్పు తెచ్చి విత్తనం వేసినవాడు ఏమి చేయాలి? కోపం వస్తుంది. అయితే మన తాతలు చేనులో మంచె కట్టి, రాత్రంతా డప్పు కొట్టి, కేకలు వేసి, ఒడిసెల త్రిప్పి కాపాడుకొన్నారు. ఆ కేకలు పందికి బెదురు, మనిషికి హెచ్చరిక. యాజ్ఞవల్క్యుడు చెప్పిన "తొలగు" అన్న కేక మంచె మీద నుండి వినబడేది. ఈ కాలంలో సౌరశక్తితో నడిచే కంచెలు వచ్చినవి. అవి క్షణమాత్రం కొట్టి విడిచిపెడతాయి. జంతువు బెదరి పోతుంది గాని చావదు. ఖర్చున్నది, నిజమే. గ్రామంలో నలుగురు కలిసి పెట్టుకోవాలి, ప్రభుత్వ సహాయం అడగాలి. దేవస్థానాలకు భూములున్న చోట మొదట దేవస్థానాలే పెట్టి చూపించాలని నా అభిప్రాయం. ధర్మకర్తలు ఇక్కడ కూర్చుండి ఉన్నారు గనుకనే ఈ మాట అంటున్నాను.

మన పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నారు, అక్కడ వేట చట్టబద్ధం. అక్కడి మెయిన్ రాష్ట్రంలో 1988లో ఒక స్త్రీ తన ఇంటి వెనుక నిలిచి ఉండగా, ఆమె చేతులకున్న తెల్లని తొడుగులను తెల్లతోక జింకగా భ్రమించి ఒక వేటగాడు కాల్చినాడు. ఆమె మరణించినది. రెండేళ్ల తరువాత జూరీ అతనిని నిర్దోషి అన్నది. తెల్లని తొడుగులు వేసుకోవడం ఆమె తప్పే అన్నవారు కూడా ఉన్నారట. ఆ తీర్పు మీద పెద్ద చర్చ జరిగి, ఆ రాష్ట్రం కొత్త చట్టం చేసినది. మృగమని కంటితో నిశ్చయంగా గుర్తించకుండా కాల్చరాదు. ఒంటినీ తలనూ అడ్డు లేకుండా చూడాలి. చప్పుడును బట్టి మాత్రం నిర్ణయించరాదు. చప్పుడు మాట విని నేను న్యాయవాదిని మళ్లీ చదవమన్నాను. శబ్దవేధిని నిషేధించిన చట్టమది. వాల్మీకిని చదివి వ్రాసినారా అనిపించినది.

ఇంతవరకు బాణం వదలడానికి ముందు సంగతి. వదలిన తరువాతి సంగతి చెప్పకపోతే సగమే చెప్పినట్లు. చట్టం ముందటి జాగ్రత్తను కొలుస్తుంది. ధర్మం తరువాతి నడతను కూడా కొలుస్తుంది.

దశరథుడు ఏమి చేసినాడో ఒక్కొక్కటే చూడండి. గొంతు వినగానే పరుగెత్తి అక్కడికి వెళ్లినాడు. చీకటి, ఒంటరితనం, చూచినవాడు లేడు. రథం తిప్పుకొని అయోధ్యకు వెళితే అడిగేవాడు లేడు. రాజకుమారుడు. వెళ్లలేదు. బాణం లాగితే ప్రాణం పోతుంది, లాగకుంటే బాధ. ఏమి చేయడమని తల్లడిల్లి, ఆ బాలుడు కోరిన తరువాత లాగినాడు. తరువాత కుండ నింపుకొని, బాలుడు చూపిన బాటలో తల్లిదండ్రుల వద్దకు నడిచినాడు. అడుగుల చప్పుడు విని కొడుకే వచ్చినాడనుకొని ఆ ముసలి తండ్రి ఆలస్యమెందుకైనదని అడిగినాడు. ఆ క్షణంలో నోరు విప్పడం కంటే కష్టమైన పని మరొకటి లేదు. నేను మీ కుమారుడను కాను, దశరథుడనే క్షత్రియుడను అని చెప్పినాడు. జరిగినదంతా చెప్పినాడు. తరువాత కళ్లు లేని ఆ ఇద్దరినీ తానొక్కడే శవం వద్దకు తీసుకువెళ్లి, కుమారుని శరీరాన్ని తాకించినాడు.

ఇప్పుడు మన పత్రికలలో వచ్చే వార్తలు గుర్తుచేసుకోండి. తీగకు తగిలి మనిషి పడిపోతే, తెల్లవారకముందే తీగ చుట్టి దాచి, శవాన్ని మోసుకుపోయి చెరువులోనో, బావిలోనో, అడవిలోనో పడవేయడం. ఇంటివారు మూడు రోజులు వెదకుతుంటే వారితో పాటు వెదకుతున్నట్లు నటించడం. 238వ సెక్షన్, పాతది 201, సాక్ష్యాన్ని మాయం చేసినందుకు వేరుగా ఉన్నది. ఆ సెక్షన్ సంగతి అటుంచండి. కొన ఊపిరితో ఉన్నవానికి 108కి కబురు చేస్తే ప్రాణం దక్కేదేమో. ఆ గంట పోయినది. తెలియక చేసిన పని ఆ గంట నుండి తెలిసి చేసిన పనిగా మారినది. వృద్ధ తాపసి తల వ్రయ్యలయ్యేదన్నది దీనికే.

ఇక్కడ "వాని ఖర్మ అంతే" అన్న మాట వినబడుతుంది. అనుశాసనికపర్వం మొదట్లో గౌతమి అనే వృద్ధ బ్రాహ్మణి కథ ఉన్నది. ఆమె కుమారుని పాము కరిచినది. అర్జునకుడనే బోయవాడు పామును పట్టి తెచ్చి చంపుతానన్నాడు. పాము తాను మృత్యువు పంపిన సాధనాన్ని మాత్రమే అన్నది, మృత్యువు కాలుని చూపినాడు, కాలుడు ఆ బాలుని కర్మను చూపినాడు. చివరకు గౌతమి అందుకు ఒప్పుకొని పామును విడిపించినది. ఈ కథను చాలామంది తమకు అనుకూలంగా చెప్పుకొంటారు. కర్మ అని ఒప్పుకొని విడిచిపెట్టినది ఎవరు? బిడ్డను పోగొట్టుకొన్న తల్లి. ఆ మాటకు అధికారం ఆమెది. కరిచినవాడు ఆ మాట ఎత్తితే అది వేదాంతం కాదు, తప్పించుకొనే దారి. జరుడనే బోయవాడు లేడి అనుకొని శ్రీకృష్ణుని పాదాన్ని కొట్టినాడు. దగ్గరకు వచ్చి చూచి, పాదాల మీద పడినాడు. ఊరడించినది శ్రీకృష్ణుడు. జరుడు తనకు తాను ఊరట చెప్పుకోలేదు.

ప్రాయశ్చిత్తమేమి అన్నది చీటీలో చివరి ప్రశ్న. మనువు పదకొండవ అధ్యాయంలో పాపం నుండి విడివడే దారులను వరుసగా చెప్పినాడు. మొదటిది ఖ్యాపనం, అంటే చేసినది నలుగురి ఎదుట చెప్పుకోవడం. తరువాత పశ్చాత్తాపం, తపస్సు, అధ్యయనం. దానం చివరిది, అది కూడా మిగిలినవి చేయలేని ఆపదలో ఉన్నవానికి. మనం వరుస తలక్రిందులు చేసుకొన్నాము. హుండీలో వేసి, అభిషేకం చేయించి, అన్నదానానికి వ్రాయించి, పని అయిపోయినదనుకొంటాము. ఈ పత్రిక చేతికి అందుకొనేవారిలో దాతలు ఎక్కువ గనుక నొచ్చుకోవద్దని మనవి చేస్తూనే చెబుతున్నాను. స్వామికి ఇచ్చినది స్వామికి ముడుతుంది. పోయినవాని భార్యకు ముట్టదు. ఆమె ఇంటికి వెళ్లే దారి వేరు. కోర్టు శిక్షతో పాటు బాధితులకు పరిహారం ఇప్పించడానికి కొత్త నాగరిక సురక్షా సంహితలో 395వ సెక్షన్ ఉన్నది. ముద్దాయి ఇవ్వలేనప్పుడు ప్రభుత్వ పథకం కింద ఇప్పించడానికి 396వది ఉన్నది. కోర్టు చెప్పేదాకా ఆగవలసిన పని లేదు. ఆ ఇంటి పిల్లల చదువు, ఆ ఏటి సేద్యం భరించేవాడు స్వామి ఎదుట నిలబడగలడు. అది శిక్షకు బదులు కాదు, కేసు మాఫీకి బేరమూ కాదు; పెద్దమనుష్యుల ముందు డబ్బు లెక్కబెట్టి కాగితం వ్రాయించుకోవడాన్ని నేను ప్రాయశ్చిత్తమని ఒప్పుకోను.

చీటీ వ్రాసినవారు ఈ మండపంలో ఉన్నారో లేరో. ఉంటే, పొరబాటు చేసినవారైతే, ముందు పోలీసు ఠాణాకు, తరువాత ఆ ఇంటికి వెళ్లండి. ఆ తరువాత నా వద్దకు వస్తే కూర్చుండి ప్రాయశ్చిత్త విధి చెబుతాను, సంభావన అక్కరలేదు. పోయినవారి తాలూకువారైతే, న్యాయసహాయం కోసం జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లవచ్చునని మన న్యాయవాది చెప్పమన్నారు. అక్కడ అర్హులైన పేదలకు ఖర్చు లేకుండా న్యాయవాదిని ఇస్తారు. తీగ ఇంకా చేను చుట్టూ ఉన్నవారైతే, ఇంటికి చేరగానే విప్పండి.

కిందమ మహర్షి పాండురాజుకు ఇచ్చిన శాపానికి కారణం వచ్చే పౌర్ణమికి చెప్పుకొందాం. స్వస్తి.